తోడు సీసా

పోయిన వారం మనం నవ్యశ్రీని స్టేషన్ రోడ్డు హోటల్ హాల్లో పెట్టిన ప్రదర్శనలో, ధరణీతల ఫుడ్స్ వాళ్ల బల్ల ముందు నిలబెట్టి వచ్చాం. ఆ బల్ల మీద ఒక స్టీలు పళ్లెం, పళ్లెంలో కందిపప్పు, పక్కనే ఆ పప్పు విడిచిన పొట్టు. 'మా సంస్థ సొంత పరిశోధన' అని పైన బోర్డు. మామూలు మిల్లులో కంది పొట్టు నలిగి తవుడై రాలుతుంది. ఈ పళ్లెంలోది మాత్రం గింజ ఆకారం చెడకుండా, చిన్న చిన్న టోపీల్లాగా రెండు డొప్పలై ఊడి ఉంది. పొట్టు అలా ఊడే చోటు లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నవ్యశ్రీకి తెలియదు. రాయచూరులో మాత్రం ఒక్కటే ఉంది. అది ఆమె షెడ్డు.

కొత్తగా కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు. కంది గింజ తన పొట్టును అంత సులువుగా వదలదు. మిల్లువాళ్లు దానికి నూనె పట్టించి, నీళ్లు చల్లి, రోజుల తరబడి ఎండబెట్టి, రాళ్ల మధ్య నలిపితే గానీ పప్పు చేతికి రాదు. నవ్యశ్రీ, ఆమె స్నేహితుడు విశాల్ కలిసి దానికొక తోడు తయారు చేశారు. పాలలో వేసే తోడు లాంటిదే, కాకపోతే పులిసిన జొన్న అంబలిలోంచి పుట్టింది. దాన్ని నీళ్లలో కలిపి కందుల మీద చల్లి ఒక రాత్రి కప్పి ఉంచితే, తెల్లారేసరికి పొట్టు దానంతటదే విడిపోతుంది. నూనె అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, పప్పు విరగదు.

బెంగళూరులో ధరణీతల ఫుడ్స్ అని ఒక మహాసంస్థ. వ్యవసాయంలో, తిండి గింజల్లో కొత్త సాంకేతికత కనిపెట్టే చిన్నవాళ్లకు చేయూత ఇస్తామంటూ 'మొలక' అని ఒక పథకం పెట్టింది. ఎంతోమందిలోంచి నవ్యశ్రీని ఏరుకుంది. పెట్టుబడి ఇచ్చింది. బెంగళూరు పిలిచి శిక్షణ ఇచ్చింది. వెన్నంటి ఉండి దారి చూపమని మాధవీలత అనే పెద్దావిడను ఇచ్చింది. సోమవారం ఒప్పందం మీద సంతకాలు. సంతకమైతే సంస్థ మిల్లులోనే పెద్ద ఎత్తున ప్రయోగం, దేశమంతా సరుకు. ఆ తోడు నవ్యశ్రీది, ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు అన్న ఒక్క మాట మీద ఆ ఒప్పందం మొత్తం నిలబడి ఉంది. ఇన్ని ఇచ్చినవాళ్లు ఎందుకిస్తున్నారన్న ప్రశ్న ఇంతకాలం ఆమెకు తట్టనే లేదు. ఈ మధ్యాహ్నం ఆ పళ్లెం ముందు నిలబడ్డాకే తట్టింది.

హోటల్లో భోజనాలకు పిలుస్తున్నారు. నవ్యశ్రీ ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చి ఆటో ఎక్కింది.

ఇండస్ట్రియల్ ఏరియాలో చివరి వరసలో ఉంటుంది వాళ్ల షెడ్డు. రేకుల కప్పు, రెండు తొట్లు, ఒక ఫ్రిజ్. విశాల్ తొట్టిలో కందులు కలియబెడుతున్నాడు. మాన్వి దగ్గర కాలవ కింద వలస రైతుల క్యాంపులో వరి పండించే ఇంటి పిల్లవాడు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో మాట ఇంకా అక్కడిదే.

"అప్పుడే వచ్చేశావేంటి? భోజనాలు పెట్టలేదా అక్కడ?" అన్నాడు నవ్వుతూ.

నవ్యశ్రీ ఫ్రిజ్ తెరిచి సీసాలన్నీ చూసింది. మూసింది. మళ్లీ తెరిచింది. అన్నీ ఉన్నాయి. ఉన్నందుకు సంతోషించాల్సింది పోయి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. దొంగతనం జరిగితే ఒక సీసా తగ్గాలి కదా. తోడు విషయంలో ఆ లెక్క పనికిరాదు. చెంచాడు తీసి మళ్లీ అంత గంజి పోస్తే, పొద్దునకు సీసా నిండుగానే ఉంటుంది.

"మన తోడు బయటికెట్ల పోయింది విశాల్?"

అతను చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. ఆమె చూసిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ అతని ముఖాన్నే చూసింది. ఎక్కడైనా కన్ను తప్పిస్తాడేమోనని.

"మనం వాళ్ల ల్యాబుకి నమూనా పంపాం కదా. దాంతో చేసుంటారు."

"అది ఉడకబెట్టి పంపినం. చచ్చిన తోడు. దాంతోటి పొట్టు ఊడుతదా?"

"ఊడదు," ఒప్పుకున్నాడు విశాల్.

"మరి బతికున్న తోడు వాళ్లకెక్కడిది? దీన్ని ముట్టుకునేది ఇద్దరమే. నేనియ్యలే."

ఆ మాటలో మిగిలిపోయిన రెండో మనిషి ఎవరో విశాల్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు పోయింది.

అనుమానం ఒకసారి లోపలికొచ్చిందంటే ఊరికే కూర్చోదు, పాత సంగతులన్నిటినీ లేపి కూర్చోబెడుతుంది. విశాల్ చిన్నాన్న కొడుకు ధరణీతల గోడౌన్లో పనిచేస్తాడన్నది గుర్తొచ్చింది. తను బెంగళూరు శిక్షణలో ఉన్నప్పుడు విశాల్ ఫోన్ మోగి మోగి ఆగిపోవడం గుర్తొచ్చింది. మాధవీలత వచ్చినప్పుడల్లా తను లేకపోయినా ఇతనితో గంటసేపు మాట్లాడి పోవడం గుర్తొచ్చింది. అప్పుడు ఏమీ అనిపించని సంగతులే అవన్నీ. ఆమె ఒక్కొక్కటీ అడిగేసింది.

"వాడు గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటాడు నవ్యా. వాడికీ ల్యాబుకీ సంబంధం ఏంటి? ఫోనంటావా, కాలవకి నీళ్లొదిలారు, మా వంతు. రాత్రీ పగలూ పొలంలోనే ఉన్నాను. నీకు చెప్పాను కూడా."

"చెప్పినవ్. నిజమా కాదా అనేది నేను చూడలే కద."

"ఈ షెడ్డులోంచి ప్రాణమున్న తోడు గుమ్మం దాటలేదు. నన్ను నమ్మితే నమ్ము. కానీ ఇంకో చోట కూడా ఉంది కదా, అక్కడ అడిగావా?"

"ఎక్కడ?"

"మీ ఇంట్లో. ఇక్కడ కరెంటు పోతే చచ్చిపోతుందని ఒక సీసా నువ్వే తీసుకెళ్లి అమ్మగారి పెరుగు గిన్నె పక్కన పెట్టావు."

అది మంచి ప్రశ్న. మంచి ప్రశ్న కాబట్టే నవ్యశ్రీకి కోపం నషాళానికంటింది. దొరికిపోయినవాడు వేలు పక్కకు చూపిస్తున్నాడనిపించింది.

"ఇప్పుడు మా ఇంటోళ్లను దొంగలను జేస్తున్నవా?"

"ఆ మాట నేనన్నానా?"

"ఈ తోడు నాది విశాల్. నువ్వు జీతానికి ఉన్నోనివి. అది మర్చిపోకు."

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు. నిజానికి పులిసిన అంబలిలో పడిన కందులు పొట్టు వదలడం మొదట ఎవరు చూశారో, ఎందుకు వదిలిందో ఎవరు పట్టుకున్నారో ఆ ఇద్దరూ ఏనాడూ తేల్చుకోలేదు. తేల్చుకోవాల్సిన అవసరమే రాలేదు. కాగితాల మీద యజమాని ఒక్కరే ఉంటే పని సులువవుతుందని సలహా ఇచ్చింది 'మొలక' వాళ్లు. సరే నీ పేరే రాయించు, నాకు జీతం అని వేసుకో అని నవ్వి ఊరుకున్నాడు విశాల్.

అతను ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించాడు. బండి తాళం జేబులోంచి తీశాడు.

"సాయంత్రం పెద్ద సీసాకి గంజి పొయ్యాలి. వేడి మీద పొయ్యకు, చల్లారనివ్వు," అని వెళ్లిపోయాడు.

షెడ్డులో ఒంటరిగా నిలబడ్డ నవ్యశ్రీకి తను గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. ఏడుపొచ్చేలా ఉంది. ఏడవడానికి తీరిక లేక గింజల మార్కెట్టుకు, గంజ్‌లోని నాన్న దుకాణానికి బయలుదేరింది. తోడు ఇంట్లోంచి పోలేదని, విశాల్‌దే అబద్ధమని తేల్చుకోవాలి. నాన్నను ఒక్క మాట అడిగితే చాలు.

ఫిబ్రవరి కదా, గంజ్ నిండా కందులే. బండ్లు, ట్రాక్టర్లు, గోనెలు, దుమ్ము. నాన్న గురురాజ్ అడ్తి దుకాణం మూడు తరాలది. రైతు తెచ్చిన సరుకును కొనేవాళ్లకు చూపించి, ధర కుదిర్చి, దానికింత కమీషన్ తీసుకునే వ్యాపారం. ఆయన ఎప్పట్లాగే గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఎదురు కుర్చీలో మజ్జిగ గ్లాసు పట్టుకుని మాధవీలత ఉంది.

నవ్యశ్రీ గడప దగ్గరే ఆగిపోయింది. ఇందాక హోటల్లో బల్లల మధ్య తిరుగుతున్న మనిషి తనకంటే ముందు ఇక్కడికెలా వచ్చింది?

"రా బిడ్డా. మేడం నీ కోసమే కూసుంది. అన్నం తినకుంట వచ్చినవంట ఏంది?" అన్నాడు గురురాజ్.

"కనిపించకుండా పోతే కంగారు పడ్డాను. ఫోన్ కూడా ఎత్తలేదు," అంది మాధవీలత. బెంగళూరులో పెరిగిన తెలుగు ఆమెది. ప్రతి మాటా కడిగి ఆరబెట్టినట్టు ఉంటుంది. నేత చీర, చిన్న బొట్టు, ఎప్పుడూ తొందర లేని చూపు. ఆ చూపు మీద నవ్యశ్రీకి ఎంత గౌరవం ఉండేదో. ఇప్పుడు అదే చూపు గద్దె చుట్టూ, అరుగు మీది గింజల పళ్లేల చుట్టూ తిరుగుతుంటే ఏం వెతుకుతోందోననిపించింది.

బయట అరకేర నుంచి వచ్చిన రైతు హనుమప్ప బండి దిగాడు. గురురాజ్ మాటల మధ్యలోనే లేచి, గోనెలోకి ఇనుప గొట్టం గుచ్చి, దాంట్లోంచి జారిన కందులను అరచేతిలో పోసుకున్నాడు. ఊదాడు, ఒక గింజ కొరికాడు. "హౌదు, మంచి మాలే తెచ్చినవ్ హనుమప్పా," అని మిగిలినవి చిన్న పళ్లేల్లోకి పోసి అరుగు మీద పెట్టాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పిడికెడు తీసుకుని చూసుకుంటూ పోతున్నారు. ఎవరూ పైసా ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు.

"అడిగినవాళ్లందరికీ ఇలా ఊరికే ఇచ్చేస్తారా?" అంది మాధవీలత.

"మచ్చు కద మేడం. పిడికెడు పోతే బస్తా అమ్ముడుపోతది. మచ్చు ఇయ్యనోడు సరుకుల ఏదో దాస్తుండని గంజ్ మొత్తం అనుకుంటది. మా తాతల నాటి నుంచి ఇదే దస్తూర్. దుష్మన్ వచ్చి అడిగినా మచ్చు లేదనం."

మామూలప్పుడైతే నవ్యశ్రీ ఈ మాటను విననే వినదు. చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విన్నది. ఇవాళ ఎందుకో చెవిలో గుచ్చుకుంది. కానీ ఆమె కోపం ఇంకా మాధవీలత మీదే ఉంది.

"మేడమ్, ఒకటి అడుగుత. ఆ పళ్లెంల పప్పు ఏ తోడుతోటి చేసిన్రు?"

మాధవీలత గ్లాసు కింద పెట్టింది. "చూశావా దాన్ని. నేనే ముందు చెప్పి ఉండాల్సింది. అది పరిశోధన విభాగం వాళ్లు పెట్టారు. వాళ్లదీ మాదీ ఒకే గేటే గానీ, లోపల ఎవరి గది వాళ్లదే. 'మొలక'లో ఉన్నవాళ్లకు చేయూత ఇవ్వడం మా పని. వాళ్ల పని వేరు."

"గది ఏదైతే ఏంది. వాళ్లకు బతికున్న తోడు ఎవరిచ్చిన్రు?"

"మీరే ఇచ్చారు కదా నవ్యా."

"నేనియ్యలే. మీ వల్ల ఇందాకటి నుంచి నెత్తి పనిచేస్తలేదు నాకు. విశాల్‌ను దొంగ అన్న. పనిలోంచి పొమ్మన్నంత పని చేసిన."

"విశాల్ వెళ్లిపోయాడా?" అంది మాధవీలత. అంతసేపట్లో ఆమె ఒక మాట తొందరగా అనడం అదే మొదలు. వెంటనే సర్దుకుని, "మీరు అంటే నువ్వని కాదు. మీ ఇంటి నుంచి వచ్చింది," అంది.

గురురాజ్ పళ్లెం తుడుస్తున్నవాడల్లా తలెత్తాడు. "సీసా సంగతా? నేనే ఇచ్చిన బిడ్డా."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, నవ్యశ్రీకి అది అర్థం కాలేదు.

"నువ్వు బెంగళూరుల ఉన్నవ్. మేడం దుకాన్‌కు వచ్చింది. గురురాజ్ గారూ, మా సంస్థ ఇంత పెట్టుబడి పెడుతున్నది, సరుకు ఒక్కసారి కళ్ల చూడకపోతే ఎట్ల అన్నది. న్యాయమే కద. ఇంటికి పోయి ఫ్రిజ్‌ల నుంచి ఇంత దగ్గు మందు సీసల పోసుకొచ్చి ఇచ్చిన. మీ అమ్మకు గూడ చెప్పలే, ఇంత దానికి చెప్పేదేముందని. సరుకు చూపెట్టకుంట కొనుమంటె ఎవడు కొంటడు?"

ఆయన ముఖంలో గర్వం ఉంది. కూతురి వ్యాపారానికి తనూ ఒక చెయ్యి వేశానన్న గర్వం. నవ్యశ్రీ ఇంతసేపూ దొంగ కోసం వెతికింది. దొంగ లేడు. సరుకు చూపించమని అడిగితే లేదనడం చేతగాని ఒక షావుకారు ఉన్నాడు. తనను ఎత్తుకుని ఈ గద్దె మీదే పెంచినవాడు.

"నాన్నా, అది కందులు కాదు."

"తెలుసు. మందు కద."

"మందు గూడ కాదు. తోడు. మన పక్కింటి నింగమ్మకు అమ్మ చెంచెడు తోడు ఇస్తది. పొద్దున్నకు ఏమైతది?"

"పెరుగైతది."

"వాళ్లింట్ల కుండ నిండ పెరుగైతది. మల్ల రేపు మన దగ్గరికి వస్తదా అడగనీకె?"

గురురాజ్ "రాదు" అనబోయి ఆగిపోయాడు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పిడికెడు కందులు ఇస్తే గోనె మనదే. చెంచాడు తోడు ఇస్తే గోనె కూడా వాళ్లదే. యాభై ఏళ్ల గంజ్ జీవితంలో ఆయన చేతి మీదుగా పోయిన ఏ సరుకూ ఇలాంటిది కాదు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం నవ్యశ్రీ చూసింది. చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆయన మెల్లగా మాధవీలత వైపు తిరిగాడు.

"మేడం, మీకు తెలుసు గద ఇది. మీరు చదువుకున్నోళ్లు. అడిగినప్పుడు గూడ తెలుసు మీకు."

"నేను అడిగాను, మీరు ఇష్టంగా ఇచ్చారు. ఇందులో దాపరికం ఏముంది గురురాజ్ గారు?"

"గంజుల ఒక పద్ధతుంది. మచ్చు తీస్కున్నోడు ధర చెప్తడు. బేరం కుదరకుంటె ఊకుంటడు. ఆ మచ్చును తీస్కపోయి తన పొలంల ఏసుకొని, ఇది నా పంట అని బోర్డు పెట్టడు. గట్ల జేసినోనికి మల్ల ఈ గల్లీల ఎవడు సలాం గూడ కొట్టడు."

"ఇది గంజ్ కాదండీ," అంది మాధవీలత. కఠినంగా అనలేదు. జాలిగా అంది. నవ్యశ్రీకి ఆ జాలే ఎక్కువ భయమేసింది.

ఆమె లేచి చీర సర్దుకుంది. నవ్యశ్రీ భుజం మీద చెయ్యి వేసింది. "నేను నీ పక్షానే ఉన్నాను, అది నమ్ము. సోమవారం సంతకం అయిపోతే ఇవన్నీ ఒకే ఇంటి విషయాలు. బోర్డు తీయించే పూచీ నాది. సంతకం కాకపోతే, మేము ముందు నుంచీ ఈ పని మీదే ఉన్నామని ల్యాబ్ వాళ్లు అంటారు. వాళ్ల నోరు మూయించడం నా చేతిలో లేదు. నువ్వు కనిపెట్టావని చెప్పడానికి నీ మాట తప్ప ఏముంది? ఆలోచించుకో."

సలహా ఇస్తోందో, బెదిరిస్తోందో నవ్యశ్రీకి తెలియలేదు. బహుశా ఆ సంస్థలో రెండింటికీ ఒకే గొంతు వాడతారేమో. మాధవీలత కారు గంజ్ గేటు దాటి వెళ్లిపోయింది.

హనుమప్ప సరుకుకు ధర చెప్పడానికి ఒకాయన వచ్చాడు. గురురాజ్ రేపు రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. బేరం వాయిదా వేయడం ఆయన జీవితంలో ఎవరూ చూసి ఉండరు. హనుమప్ప ఏదో అడగబోయి, షావుకారి ముఖం చూసి, బండి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"తప్పయింది బిడ్డా."

"నీకెట్ల తెలుస్తది నాన్నా. నేను చెప్పి పెట్టాల్సింది."

"నీ మీద ఏసుకోకు. ఇచ్చింది నా చెయ్యి." ఆయన కళ్లు అరుగు మీది పళ్లేల మీదే ఉన్నాయి. "ఒక మాట చెప్త. నీకు నచ్చకపోవచ్చు. ఆమె ఏమన్నది, నీ మాట తప్ప ఏముంది అన్నది. ఒక్కదాని మాట అంటే ఎవడైనా కొట్టేస్తడు. గంజ్ మొత్తం మాట కొట్టెయ్యనీకి వస్తదా?"

"అంటే?"

"సోమవారం లోపల ఈ రాయచూర్ల ఉన్న ప్రతి పప్పు మిల్లుకు ఒక సీసా పంపుదం. గురురాజ్ బిడ్డ తోడు అని చెప్పి మరీ ఇద్దం. ఊరందరి కళ్ల ముందర నీ పేరు మీద తిరిగినదాన్ని ఏ కంపెనీ గూడ నాది అనలేదు."

"ఊరందరికి ఇచ్చినంక నా దగ్గర ఏం మిగులుతది నాన్నా?"

"పేరు మిగులుతది."

నవ్యశ్రీ మూడేళ్ల కష్టాన్ని ఉచితంగా పంచిపెట్టమంటున్నాడు. పంచకపోతే ఆ కష్టం ఇంకొకరి బోర్డు కిందికి పోతుంది. సంతకం పెడితే బోర్డు దిగుతుంది, కానీ ఇలా ఇంట్లోంచి చెంచాడు తీయించినవాళ్లు రేపు ఏం తీయిస్తారో తెలియదు. ఏ దారి చూసినా దాని వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది. ఈ ఉపాయం చెబుతున్న నాన్న కూడా తన తప్పు కడుక్కోవడానికే చెబుతున్నాడేమోనన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చి పోయింది. దానికి ఆమె సిగ్గుపడింది.

"అన్ని సీసాలు సోమవారం లోపల ఎట్ల అయితయి?" అంది చివరికి.

"నీ చేతుల పనే గద."

ఆమె చేతుల పని కాదు. తోడు పెంచడం విశాల్ పని. గంజి ఎంత చిక్కగా ఉండాలో, ఏ వాసన వస్తే ఆపాలో అతనికి తెలిసినట్టు ఆమెకు తెలియదు. ఆమె ఒంటరిగా పెంచిన రెండుసార్లూ తోడు విరిగిపోయింది. ఆ మాట నాన్నతో చెప్పడానికి నోరు రాలేదు.

దుకాణం వెనక గోనెల మధ్యకు వెళ్లి, అరగంట తటపటాయించి విశాల్ నంబరు నొక్కింది. మొదట క్షమాపణ చెప్పాలి. తర్వాతే మిగతావి. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటుండగానే అవతల ఎత్తారు.

"విశాల్, నేను. ఇందాక నేనన్నది తప్పు. సీసా మా ఇంటి నుంచే పోయింది. నాన్న ఇచ్చిండు. నువ్వు చెప్పిందే నిజం. నువ్వు ఒక్కసారి షెడ్డుకు రా, మాట్లాడుకుందం."

అవతల లారీలు పోతున్న చప్పుడు.

"తెలుసు," అన్నాడు. "మేడమ్ ఇప్పుడే చెప్పారు."

"ఏ మేడమ్?"

"మాధవీలత గారు. ఫోన్ చేసి ఆగమంటే మాన్వి రోడ్డులో టీ కొట్టు దగ్గర ఆగాను. ఇదిగో, ఎదురుగానే కూర్చున్నారు."

"ఏమంటుంది?"

"కంపెనీలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. అది కాదులే. ఒక్క ప్రశ్న అడుగుతున్నారు నన్ను. ఈ తోడు మొదట ఎవరి చేతిలో పుట్టింది, నీ చేతిలోనా ఆమె చేతిలోనా అని." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను జీతానికి ఉన్నవాణ్ని కదా నవ్యా, నా అంతట నేను చెప్పకూడదు. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు."